జల్లెడ లాంటి సరిహద్దు

అందరికీ నమస్కారం.

జంతువుల గురించిన పుస్తకాల్లో పటాలు మీరు చూసే ఉంటారు. ఒక జాతి ఉండే మేరకు ఒక రంగు పూస్తారు, దాని దాయాది జాతి ఉండే మేరకు మరో రంగు పూస్తారు. రెండు రంగులూ కలిసే చోట సన్నని గీత ఉంటుంది. కాగితం మీద దాని మందం మిల్లీమీటరు కూడా ఉండదు. పటం కొలతతో లెక్క వేస్తే నేల మీద అది పది, ఇరవై కిలోమీటర్లు అవుతుంది. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ గీత మందంలో జరిగే కథ, దగ్గరి బల్లి జాతులు కలిసి సంకర సంతానాన్ని కనే కథ. పటం గీసినవారికి అది అంచు మాత్రమే. అక్కడ పుట్టిన బల్లికి మాత్రం అదే లోకం. పక్క రాతి మీద ఎండ కాచుకుంటున్నది తనదో పరాయిదో ప్రతి వసంతంలోనూ అది తేల్చుకోవాలి.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో బల్లి వేరు, తొండ వేరు, నలికిరి వేరు, ఉడుము వేరు. అన్నిటికీ కలిపి వాడుకలో ఒక్క మాట లేదు. శాస్త్రవేత్తలు వీటన్నిటినీ ఒకే గుంపులో పెట్టారు కనుక ఈ గంటసేపూ అన్నిటినీ బల్లులనే అంటాను. ఉడుములు మన్నించాలి. (నవ్వులు)

దగ్గరి జాతులు ఒకదాని సరిహద్దులోకి మరొకటి ఎందుకు వచ్చి చేరతాయి? యూరప్ వరకు జవాబు మంచులో ఉంది. 20,000 ఏళ్ల కిందట ఆ ఖండపు ఉత్తర భాగం మంచు పలకల కింద ఉంది. బల్లులు దక్షిణాన ఐబీరియాలో, ఇటలీలో, బాల్కన్ కొండల్లో తలదాచుకున్నాయి. అదొక్కసారే జరగలేదు. లక్షల ఏళ్లుగా మంచు వస్తూనే ఉంది, పోతూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఒకే కుటుంబం ముక్కలైంది, ఏ ముక్క దారిన అది మారింది. మంచు కరిగాక అన్నీ మళ్లీ ఉత్తరానికి పాకాయి. ఎక్కడో ఒక లోయలో దాయాదులు ఎదురుపడ్డాయి. ఆస్ట్రేలియా ఈశాన్యంలో, క్వీన్స్‌లాండ్ వాన అడవుల్లో మంచు పలకలు లేవు గాని కథ ఇదే. వాతావరణం చల్లబడి పొడిబారినప్పుడు అడవి కొండల మీది ముక్కలుగా కుంచించుకుపోయింది, తేమ పెరిగాక మళ్లీ అల్లుకుంది. అడవితో పాటు అందులోని నలికిరులు కూడా విడిపోయి మళ్లీ కలిశాయి.

[సభికుల నుంచి ప్రశ్న: రెండూ కలిసి పిల్లల్ని కంటుంటే వాటిని రెండు జాతులని ఎందుకు అనాలి?]

మంచి ప్రశ్న. చివర అడుగుతారనుకున్నాను, ముందే అడిగారు. చిన్నప్పుడు చదువుకున్న నిర్వచనం మనందరికీ గుర్తుంది. జతకట్టి, సంతానాన్ని కని, ఆ సంతానం కూడా కనగలిగితే అవన్నీ ఒకే జాతి. పరీక్షలో రాయడానికి అది చక్కగా ఉంటుంది. చిక్కల్లా బల్లులు ఆ పాఠం చదవకపోవడమే. సరిహద్దులో అవి జతకడతాయి, పిల్లలూ పుడతాయి. అయినా అక్కడి నుంచి యాభై కిలోమీటర్లు అటు వెళ్తే అచ్చమైన ఒక జాతి, ఇటు వస్తే అచ్చమైన మరో జాతి కనిపిస్తాయి. వేల ఏళ్లుగా కలుస్తూ ఉన్నా రెండూ కలిసిపోలేదు. కాబట్టి మధ్యలో గోడ ఉందా లేదా అని అడిగితే లాభం లేదు. అక్కడ ఒక జల్లెడ ఉందనుకోండి. కొన్ని జన్యువులు దిగిపోతాయి, కొన్ని పైనే ఆగిపోతాయి. ఏవి దిగాయి, ఏవి ఆగాయి, ఎందుకు ఆగాయి? నా దృష్టిలో అసలు ప్రశ్న అది.

దాన్ని కొలిచే పద్ధతి చెబుతాను. ఇందులో పెద్ద యంత్రాల పని తర్వాత వస్తుంది, ముందు కావలసింది ఓపిక. ఒక జాతి నేల నుంచి రెండో జాతి నేలకు అడ్డంగా ఒక దారి ఎంచుకుంటారు. కొన్ని వందల మీటర్లకోసారి ఆగి బల్లుల్ని పడతారు. పొడవాటి కర్ర చివర దారంతో చేసిన ఉచ్చు ఉంటుంది. ఎండ కాచుకుంటున్న బల్లి తల మీదుగా దాన్ని మెల్లగా జార్చి పైకి లాగుతారు. చిత్రమేమిటంటే, మనిషి దగ్గరికి వెళ్తే పారిపోయే బల్లి కళ్ల ముందు దారం ఊగుతున్నా చాలాసార్లు కదలదు. తోక కొసను కొన్ని మిల్లీమీటర్లు కత్తిరించి ఆల్కహాల్ సీసాలో వేస్తారు. సీసా మీద అంకె, చోటు, తేదీ రాసుకుంటారు. బల్లిని పట్టిన రాతి మీదే వదిలేస్తారు. శత్రువు నోట్లో తోక వదిలి పారిపోవడానికి అలవాటుపడ్డ ప్రాణికి ఆ కొస పెద్ద నష్టం కాదు.

తర్వాత ప్రయోగశాలలో ఒక్కొక్క జన్యువునే తీసుకుని గీత గీస్తారు. దారి ఉత్తరపు కొసన ఉత్తరాది రూపం నూటికి నూరు, దక్షిణపు కొసన సున్నా. మధ్యలో గీత ఎలా దిగిందన్నదే అంతా చెబుతుంది. నిదానంగా ఏటవాలుగా దిగితే ఆ జన్యువు హాయిగా అటూ ఇటూ తిరుగుతోందని అర్థం. కొండచరియలా ఒక్కసారి పడిపోతే దానికి అక్కడ దారి లేదని అర్థం. పదులు, వందల జన్యువుల గీతలన్నీ ఒకే చోట నిట్టనిలువుగా కూలితే, ఆ రెండు గుంపులు ఎంత ఒకేలా కనిపించినా వేర్వేరని నేను ఒప్పుకుంటాను.

సంకర సంతానం బలహీనమైనదైతే ఆ మధ్య పట్టీ కొన్నాళ్లకు మాయం కావాలి కదా? అది ఎందుకు నిలుస్తుందో జీవశాస్త్రవేత్తలు నికోలస్ బార్టన్, గాడ్‌ఫ్రీ హెవిట్ 1985లో విడమర్చి చెప్పారు. చిల్లు కుండలోకి పైనుంచి నీళ్లు పోస్తూ ఉన్నారనుకోండి. కారేంత పోస్తూ ఉంటే మట్టం కదలనట్టే కనిపిస్తుంది. సరిహద్దులో సంకర పిల్లలు రాలిపోతూ ఉంటాయి, రెండు వైపుల నుంచీ అచ్చమైన జాతుల బల్లులు నడిచి వస్తూ ఉంటాయి. పట్టీ వెడల్పు ఈ రెండిటి బేరం. ఉదాహరణకు ఒక బల్లి పుట్టిన చోటికీ అది పిల్లల్ని కనే చోటికీ మధ్య దూరం సగటున 100 మీటర్లనుకుందాం. పట్టీ మధ్యలో ఉన్నవాటికి నష్టం నూటికి ఎనిమిది పాళ్లు అనుకుందాం. లెక్క కడితే వెడల్పు సుమారు ఒక కిలోమీటరు వస్తుంది. నష్టం నాలుగింతలైతే వెడల్పు సగానికి తగ్గుతుంది. ఖండమంతా పరచుకున్న రెండు జాతుల మధ్య సరిహద్దు ఒక మనిషి పావుగంటలో నడిచి దాటగలిగేంత! ఇంకో సంగతి, ఇలాంటి పట్టీ పల్చగా బల్లులున్న చోటికి జరిగి అక్కడ చిక్కుకుంటుంది. సరిహద్దు ఒక వాగు దగ్గరో బోడి కొండ దగ్గరో కనిపిస్తే, మొదట కలిసింది అక్కడేనని తొందరపడి చెప్పకూడదు.

క్వీన్స్‌లాండ్ నలికిరుల దగ్గరికి వద్దాం. కార్లియా రుబ్రిగులారిస్ అని ఒకటుంది, ఆ పేరుకు అర్థం ఎర్ర గొంతుది అని. రాలిన ఆకుల్లో, ఎండ మచ్చలు పడే చోట తిరుగుతుంది. దీనిలో ఉత్తరాది శాఖ, దక్షిణాది శాఖ ఉన్నాయి. పక్కపక్కన పెడితే కంటితో తేడా చెప్పలేరు. అయినా అవి కలిసే చోట పట్టీ బాగా ఇరుకని 2004లో తేలింది. ఆ తర్వాత సోనల్ సింఘాల్, క్రెయిగ్ మోరిట్జ్ అదే అడవుల్లో ఇలాంటి నలికిరి జంటలు కొన్నిటిని వరసగా పోల్చారు. 2013లో వారు చెప్పినది సూటిగా ఉంది. విడిపోయి ఎక్కువ కాలమైన జంటల్లో కలయిక తక్కువ, తక్కువ కాలమైన జంటల్లో ఎక్కువ. రూపంలో తేడా లేదు, కాలంలో ఉంది. పొలుసులు లెక్కపెట్టి జాతుల్ని విడదీసే నాలాంటి పాతకాలపు వాడికి ఇది మింగుడుపడదు. (నవ్వులు) కానీ జల్లెడ కన్నాలు పూడ్చేది కాలమే, రంగూ రూపూ కాదు.

రంగూ రూపూ లెక్కలోకి రావని ఇప్పుడే అన్నాను. వెంటనే నా మాటకు నేనే అడ్డం పడాలి.

ఇటలీలో పొడార్సిస్ మురాలిస్ అనే గోడబల్లి ఉంది. దీపం దగ్గర పురుగులు పట్టే బల్లి కాదు, పట్టపగలు రాతిగోడల మీద పరుగెత్తేది. రోమ్ పరిసరాల్లో మగవి చూడముచ్చటగా ఉంటాయి. వీపు పచ్చగా, దాని మీద నల్లని గజిబిజి గీతలు, పొట్ట నల్లన, తల పెద్దది, కొరుకు గట్టిది, కోపం ముక్కు మీద. ఉత్తరాన ఆల్ప్స్ దిగువన ఉండే శాఖ గోధుమ రంగులో, చిన్న తలతో, నిదానంగా ఉంటుంది. వాయవ్య ఇటలీలో రెండూ కలుస్తాయి. అక్కడ గోధుమ శాఖ మగవి పచ్చబడుతున్నాయి!

ఏం జరుగుతోందో జెఫ్రీ వైల్, టోబియాస్ ఉల్లర్ బృందం 2015లో వివరించింది. రెండు శాఖల మగవాటినీ ఆడవాటినీ కంచె వేసిన ఆవరణల్లో కలిపి వదిలారు. పచ్చవి గోధుమవాటిని తరిమి మంచి రాళ్లు ఆక్రమించాయి, పుట్టిన పిల్లల్లో ఎక్కువ వాటికి తామే తండ్రులయ్యాయి. ఎదురు దిశలో గోధుమ మగది పచ్చ శాఖ ఆడదానితో జతకట్టడం అరుదు. అంటే జల్లెడ ఒకవైపే కారుతోంది. ఆ కారడంలోనూ పక్షపాతముంది. పోరులో పనికొచ్చే లక్షణాలు, అంటే పచ్చదనం, నల్ల పొట్ట, పెద్ద తల, మిగతా జన్యువుల కంటే ముందు ఉత్తరానికి సాగిపోతున్నాయి. ఒంట్లో ఎక్కువ పాలు గోధుమ శాఖ రక్తమే, పైన వేసుకున్నది మాత్రం పచ్చ శాఖ చొక్కా. అక్కడ పట్టిన ఒక మగదాన్ని అరచేతిలో తిరగేసి పొట్ట చూసి ఇది ఏ శాఖ అని అడిగితే, మీ కన్ను ఒకటి చెబుతుంది, సీసాలోని తోక కొస మరొకటి చెబుతుంది. సంకరం అనగానే చెడిపోవడం, పలచబడటం అనుకుంటాం. గెలిచే లక్షణం ఒకటి పొరుగు నుంచి అప్పు దొరికితే ప్రకృతి దాన్ని కాదనదు.

మైటోకాండ్రియా మాట ఒక్క నిమిషం. కణంలో శక్తిని తయారుచేసే భాగమది, దానికి సొంత జన్యువులున్నాయి, అవి తల్లి నుంచే వస్తాయి. సంకర ఆడది తరతరాలుగా ఒకే జాతి మగవాటితో జతకడుతూ పోతే, కొన్ని తరాలకు ఒళ్లంతా తండ్రుల జాతిదవుతుంది, మైటోకాండ్రియా మాత్రం ఎప్పుడో చనిపోయిన ముత్తవ్వ జాతిది. దాన్ని ఒక్కదాన్నే చూసి జాతి తేల్చినవారు చాలాసార్లు బోల్తా పడ్డారు. దీనికి తోడు 1922లో జీవశాస్త్రవేత్త హాల్డేన్ చెప్పిన సూత్రం ఒకటుంది. సంకర పిల్లల్లో ఒక లింగమే దెబ్బతింటే, అది లింగాన్ని నిర్ణయించే రెండు వేర్వేరు క్రోమోజోములున్న లింగమై ఉంటుంది. మనుషుల్లో అవి మగవారికి ఉంటాయి. ఈ గోడబల్లుల కుటుంబంలో ఆడవాటికి. ఆడవి దెబ్బతిన్న చోట మైటోకాండ్రియాకు కూడా దారి మూసుకుంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ జూటోకా వివిపారా. ఐర్లాండ్ నుంచి జపాన్‌లోని హొక్కైడో దాకా, ఉత్తర ధ్రువ వృత్తం పైన కూడా బతికే చిన్న బల్లి. చాలాచోట్ల ఇది పిల్లల్నే పెడుతుంది, పేరులో ఉన్నది కూడా అదే. కానీ పిరనీస్ కొండల పరిసరాల్లోనూ ఆల్ప్స్ దక్షిణపు వాలుల్లోనూ ఉన్న శాఖలు గుడ్లు పెడతాయి. రెండు వేర్వేరు జాతులని అందరూ ఒప్పుకోరు, ఒక జాతిలోని శాఖలంటారు. నా మటుకు నాకు, గుడ్డు పెట్టడం, పిల్లను కనడం కంటే పెద్ద తేడా ఏముంటుంది అనిపిస్తుంది. మరి వీటికి పుట్టిన సంకర ఆడది ఏం చేయాలి?

1996లో ఈ రెండిటినీ ప్రయోగశాలలో జతకట్టించిన ఫలితాలు వచ్చాయి. మామూలుగా గుడ్డు పెట్టే శాఖ పిండం ఎదుగుదల పూర్తికాకముందే, మందమైన పెంకుతో బయటికి వదిలేస్తుంది. పిల్లను పెట్టే శాఖ చివరిదాకా కడుపులో ఉంచుకుంటుంది, పలుచని పొరలోంచి పిల్ల దాదాపు వెంటనే బయటికొస్తుంది. సంకర ఆడవి గుడ్లే పెట్టాయి. ఆ గుడ్ల పెంకు రెండిటికీ మధ్యస్థంగా పలుచన, లోపలి పిండం గుడ్డు పెట్టే శాఖ పిండం కంటే ముదిరింది. గుడ్డుకూ పిల్లకూ మధ్య నడిచిన దారిలో ఒక మజిలీ అలా చేతికి దొరికింది. ఆస్ట్రియాలోని కారింథియాలో ఈ శాఖలు సహజంగానే ఎదురుపడతాయి, సంకర బల్లులు అక్కడా కనిపించాయి. అవి కొద్దిగానే ఉన్నాయి. కాస్త ఆలోచిస్తే వింతేమీ కాదు. పలుచని పెంకు నేలలో తేమను నిలుపుకోలేదు, మోయడం ఎక్కువైతే తల్లికి అలసట, వేసవి చూస్తే చిన్నది.

ఇక సంకరం నుంచి కొత్త జాతే పుట్టిన సంగతి. ఆర్మేనియా కొండల్లో ఇల్యా దరెవ్‌స్కీ రాతిబల్లుల్ని పోగుచేస్తుంటే కొన్ని చోట్ల మగది ఒక్కటీ దొరకలేదు. అవి మగ తోడు లేకుండానే ఆడ పిల్లల్ని కంటున్నాయని ఆయన 1958లో ప్రకటించాడు. వెన్నెముక గల జంతువుల్లో ఇలాంటిది సాధ్యమని చాలామంది నమ్మలేదు. ఇప్పుడు ఆ ప్రజాతికి, అంటే ఆ దగ్గరి జాతుల గుంపుకు, ఆయన పేరే పెట్టారు, దరెవ్‌స్కియా. దానిలో ఏడు జాతులు పూర్తిగా ఆడవే. అన్నీ సంకరం నుంచి పుట్టినవే. దరెవ్‌స్కియా ఆర్మేనియాకాకు తల్లి జాతి మిక్స్టా, తండ్రి జాతి వాలెంటిని. అమెరికాలోనూ ఇదే కథ. న్యూ మెక్సికో రాష్ట్రం 2003లో తన రాష్ట్ర సరీసృపంగా ఎంచుకున్న విప్‌టెయిల్ బల్లి కూడా రెండు జాతుల సంకరం, అందులో మగవి లేవు.

ఇదెలా కుదురుతుంది? గుడ్డు తయారయ్యేటప్పుడు తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమ్, తండ్రి నుంచి వచ్చినది జోడీ కట్టాలి. రెండూ బాగా వేర్వేరైతే జోడీ కుదరదు, మామూలుగా అక్కడితో గొడ్డుతనమే. విప్‌టెయిళ్లు ఒక కిటుకు చేస్తాయని 2010లో తేలింది. విభజనకు ముందే కణం తన క్రోమోజోములన్నిటినీ రెట్టింపు చేసుకుంటుంది. అప్పుడు ప్రతిదీ తన నకలుతోనే జోడీ కడుతుంది. అమ్మమ్మ జాతిదీ తాతయ్య జాతిదీ చెక్కుచెదరకుండా తర్వాతి తరానికి దిగిపోతాయి. తల్లిదండ్రుల జాతులు మరీ దగ్గరైతే ఈ అవసరం రాదు, మరీ దూరమైతే పిల్ల బతకదు. ఆ మధ్య సందు చాలా ఇరుకు. ఆర్మేనియాలో ఈ ఆడ బల్లులు తండ్రి జాతి మగవాటితో మళ్లీ కలుస్తున్న చోట్లు ఉన్నాయి. అక్కడ మామూలుగా ఉండే రెండు క్రోమోజోమ్ కట్టలకు బదులు మూడేసి ఉన్న పిల్లలు దొరుకుతాయి. 2011లో ప్రయోగశాలలో మూడు కట్టల విప్‌టెయిల్‌ను మరో జాతి మగదానితో కలిపితే, నాలుగు కట్టలతో తమంతట తాము పిల్లల్ని కనే ఆడ బల్లులు పుట్టాయి. 2014లో దానికి జాతి పేరు కూడా పెట్టారు.

ఇంతవరకూ చెప్పినవాటిలో దాయాదులు తమ కాళ్ల మీద నడిచి వచ్చి కలిశాయి. కరీబియన్ దీవుల సంగతి అలా కాదు. లెస్సర్ ఆంటిలీస్‌లో ఇగ్వానా డెలికాటిస్సిమా అనే పెద్ద బల్లి ఉంది. దక్షిణాది పచ్చ ఇగ్వానాకు చెవి కింద నాణెం లాంటి గుండ్రని పెద్ద పొలుసు, తోకకు పట్టలు ఉంటాయి. డెలికాటిస్సిమాకు ఆ రెండూ లేవు. మనుషులు ఓడల్లో పచ్చ ఇగ్వానాలను దీవి వెంట దీవికి చేరవేశారు. 1995లో తుఫాన్లకు కూలిన చెట్ల తెప్ప మీద కనీసం పదిహేను పచ్చ ఇగ్వానాలు ఆంగ్విల్లా దీవి తీరానికి కొట్టుకొచ్చాయి. తుఫాను సహజమే, కానీ బయలుదేరిన దీవికి వాటిని చేర్చింది మనిషే అయ్యుండవచ్చు. ఇక్కడ జల్లెడ కన్నాలు మరీ పెద్దవి. సంకర పిల్లలు ఆరోగ్యంగా ఉంటాయి, మళ్లీ కంటాయి. పచ్చది ఎక్కువ గుడ్లు పెడుతుంది. కొన్ని తరాలు గడిచేసరికి దీవిలో చెవి కింద పొలుసు లేని ఇగ్వానా కనిపించదు. డెలికాటిస్సిమాను 2018లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. సంకరం తప్పని నేను అనను. అయితే లక్షల ఏళ్లలో అల్లుకున్న సరిహద్దు వేరు, సరుకుల పెట్టెతో పాటు దిగిన సరిహద్దు వేరు. రెండోదాన్ని ప్రకృతి చూసుకుంటుందిలే అని వదిలేయడం నాకు సమ్మతం కాదు.

[సభికుల నుంచి ప్రశ్న: సంకర బల్లిని చూడగానే గుర్తుపట్టవచ్చా?]

మొదటి తరమైతే ఒక్కోసారి వీలవుతుంది. ఆ పిల్ల మళ్లీ ఒక జాతితో కలిసి, దాని పిల్ల మళ్లీ అదే జాతితో కలిస్తే కంటికి అందదు, అప్పుడు సీసాలోని తోక కొసే దిక్కు. కానీ చూడగానే తెలిసిపోయేది ఒకటుంది. ఇందాక దగ్గరి జాతులు అన్నాను, ఇవి అంత దగ్గరివి కూడా కావు. పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో ప్లాజా సూర్ అనే చిన్న దీవిలో సముద్ర ఇగ్వానా, నేల ఇగ్వానా పక్కపక్కన ఉంటాయి. విడిపోయి నలభై లక్షల ఏళ్లు దాటింది, ప్రజాతులే వేరు. అయినా అప్పుడప్పుడు సముద్రపు మగది నేల ఆడదానితో కలుస్తుంది. అలా పుట్టినవాటిని మొదట 1981లో గమనించారు. నల్లని ఒళ్లు, మీద లేతరంగు పట్టీలు. ఇవి మళ్లీ పిల్లల్ని కన్న దాఖలా లేదు. నేల ఇగ్వానా నాగజెముడు తింటుంది గాని చెట్టు ఎక్కలేదు, రెమ్మ రాలేదాకా కింద కూర్చుంటుంది. సముద్ర ఇగ్వానా అలల్లో రాళ్లను పట్టుకునే వాడి గోళ్లతో పుడుతుంది, నాగజెముడు జోలికి పోదు. వీటి పిల్ల సముద్రం వైపు పెద్దగా వెళ్లదు. తల్లి చెట్టు కింద కాచుకుని కూర్చుంటే, అది తండ్రి గోళ్లతో ముళ్ల కాండం పట్టుకుని పైకెక్కి తింటుంది.